బూడిదకోట శుభలేఖ

చిన్నతల్లి కొడుక్కి పెళ్ళి కుదిరిందట. పిల్లది పాతపట్నమట, చర్చికెళ్ళేవాళ్ళట. శుభలేఖ కంప్యూటర్లో వేశారట, బుల్లమ్మ అల్లుడు తన ఫోనులో కళ్ళారా చూశాడట. ముహూర్తం ఆగస్టు పద్నాలుగు, ఆదివారమట. కన్నతల్లికి మాత్రం ఇంకా చెప్పలేదట, పాపం.

కుళాయి దగ్గర బుల్లమ్మ అన్న ఈ మాటల్ని పక్కింటి లక్ష్మీనరసమ్మ, చంకలో బిందె దించకుండానే మోసుకొచ్చి చిన్నతల్లికి అప్పజెప్పి వెళ్ళింది.

చిన్నతల్లి నేరుగా వంటింట్లోకొచ్చింది. మురళీమోహన్ సద్దన్నంలోకి ఉల్లిపాయ కొరుకుతున్నాడు.

"ఒరే, పెల్లంటరా?"

"ఎవులికే?"

"నీకే. పద్నాలుగో తారీకంట. నాను రావాలా, మానీలా?"

ఉల్లిపాయ ముక్క గొంతుకి అడ్డం పడింది. దగ్గు తగ్గేసరికి మురళికి విషయం మొత్తం అర్థమైంది. అర్థమయ్యాక దగ్గే నయమనిపించింది.

కోటబొమ్మాళి స్టేషను రోడ్డులో నరసింగరావు గారి డీటీపీ షాపులో మురళి పని. పెళ్ళి కార్డులు, షాపు ఓపెనింగులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు అన్నీ అతని చేతి మీదుగానే వెళ్తాయి. డిగ్రీలో ఉండగా 'యాష్ ఫోర్ట్' అనే వీడియో గేమ్ పిచ్చి పట్టుకుంది. కాలిపోయిన కోట, ఏడు ద్వారాలు. ఒక్కో ద్వారం దాటడానికి వారాలు పట్టేది. దారి చెప్పే వ్యాసాలన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి. మనమే తెలుగులో రాస్తే పోలా అని 2014 ఆగస్టులో 'బూడిదకోట' అని సైటు మొదలెట్టాడు.

మొదటి నెల సైటు చూసినవాళ్ళు పదకొండుమంది. అందులో తొమ్మిదిసార్లు తనే.

మూడో నెలలో మొదటి కామెంటు వచ్చింది. మెచ్చుకోలేమో అని షాపులో కుర్చీలో సర్దుకుని కూర్చుని తెరిచాడు.

"మూడో ద్వారం దగ్గర ఎడమకి వెళ్ళమన్నారు. వెళ్ళాను. చచ్చిపోయాను. ఆరుసార్లు. మీరు ఆడి రాశారా, అనుకుని రాశారా? – మెర్సీ, పాతపట్నం."

ఆ రోజంతా మురళి ఎవరి పెళ్ళి కార్డులోనూ అక్షరం సరిగ్గా కొట్టలేదు. సాయంత్రం జవాబు పెట్టాడు: "అనుకుని రాసాను. సారీ. దారి మీకు తెలిస్తే మీరే రాయండి."

ఆమె రాసింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి బిగబట్టాలో, ఇంటి పక్కమ్మాయి చెప్పినట్టు రాసింది. అప్పటి నుంచి ఆడటం, రాయడం మెర్సీ వంతు, మ్యాపులు గీయడం మురళి వంతు. శనివారానికొక పోస్టు. హైదరాబాదు కుర్రాళ్ళు కామెంట్లలో తగవులాడుకునే స్థాయికొచ్చింది సైటు. పదకొండు కాస్తా రోజుకి మూడు వేలైంది.

ఇద్దరూ ఎదురుపడింది ఒక్కసారే. కిందటేడాది విజయనగరంలో ఇద్దరికీ ఒకే రోజు ఏవో పరీక్షలు పడ్డాయి. ఆర్టీసీ కాంప్లెక్సులో వాన. వాన కూడా మామూలుది కాదు, రేకుల మీద పడుతూ ఎవరి మాట ఎవరికీ వినపడనివ్వని వాన. అందుకని దగ్గరగా నిలబడి మాట్లాడాల్సొచ్చింది.

"బూడిదకోట మీరేనా? ఫోటోలో ఇంకా పొడుగ్గా ఉన్నారు."

"ఫోటో నానే డిజైన్ సేసుకున్నాను."

ఆమె నవ్వి, శ్రీకాకుళం బస్సులు మూడింటిని వదిలేసింది. మూడో బస్సు కదిలేటప్పుడు అతని వైపు ఓ చూపు చూసింది. ఏడు ద్వారాలకీ దారి రాసిన సైటులో ఆ చూపుకి అర్థం మాత్రం ఎక్కడా లేదు.

ఇప్పుడీ కార్డు సంగతి. సైటుకి రెండేళ్ళు నిండుతున్నాయి, పద్నాలుగో తారీకున ఆన్‌లైన్లో పోటీ పెడదామనుకున్నారు. దానికి ఆహ్వానం వేస్తూ మురళి షాపులో ఉన్న పెళ్ళి కార్డు డిజైను తీశాడు. వినాయకుడి బొమ్మ తీసి కోట బొమ్మ పెట్టాడు. పోటీ వివరాలన్నీ ఆ బొమ్మలోనే రాశాడు. వధూవరుల చోట 'మెర్సీ – మురళీమోహన్' అని కొట్టాడు. తారీకు, ఉదయం పది గంటలు. శనివారం సైటులో పెట్టేశాడు.

బొమ్మ బరువెక్కువై చిన్న ఫోన్లలో తెరుచుకోలేదు. మిగిలింది ఇద్దరి పేర్లు, తారీకు, కింద డిజైనుతోపాటు వచ్చి అతను తీసెయ్యడం మర్చిపోయిన ఒక వాక్యం: 'బంధుమిత్ర సపరివారంగా విచ్చేసి నూతన దంపతులను ఆశీర్వదించ ప్రార్థన.'

ఆదివారం నుంచి మెర్సీ ఫోను స్విచాఫ్. వాట్సాప్‌లో పెట్టిన మెసేజీల పక్కన ఒక్క టిక్కే. సైటులోకి కూడా రాలేదు. సోమవారం పొద్దున్న బుల్లమ్మ మాట విన్నాక మురళి పరుగున షాపుకెళ్ళి ఆ పేజీ తీసేశాడు. హమ్మయ్య అనుకున్నాడు.

మంగళవారం లక్ష్మీనరసమ్మ మళ్ళీ బిందెతో వచ్చింది. పెళ్ళి తప్పిపోయిందట. కార్డు కూడా తీసేశారట. పిల్లలో ఏదో లోపం ఉండే ఉంటుందని బుల్లమ్మ అందట.

మురళి షాపుకని వేసుకుంటున్న చెప్పులు గుమ్మంలోనే వదిలేశాడు. తనని ఏమన్నా పర్వాలేదు. ముఖం కూడా చూడని పిల్లకి కుళాయి దగ్గర లోపాలు వెతుకుతున్నారు. ఇక్కడే ఇలా అంటే పాతపట్నంలో ఏమంటున్నారో? ఆ పిల్ల చేతిలో ల్యాప్‌టాప్ ఇంకా ఉందో, లేదో? ఇంక ఎప్పుడైనా మాట్లాడుతుందో, లేదో?

"పాతపట్నం ఎల్లి సెమాపన అడిగొస్తానమ్మా."

"నువ్వొక్కడివే ఎల్తే తంతారు," అంది చిన్నతల్లి, కొత్త చీర కుచ్చిళ్ళు దోపుకుంటూ. "నానొస్తే ముందు మంచినీల్లిస్తారు. తన్నితే తరవాత తంతారు."

టెక్కలిలో బస్సు మారారు. దారి పొడుగునా మురళి చెప్పాల్సిన మాటలు లోలోపల కూడబలుక్కుంటూనే ఉన్నాడు. చిన్నతల్లి కిటికీలోంచి ఊడుపులు చూస్తూ, "ఆ పిల్లకి ఊడుపొచ్చా?" అంది ఒకసారి. కాసేపాగి, "రాపోయినా పర్లేదులే," అంది.

మెర్సీ తండ్రి ఇమ్మానుయేలు ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, బాప్టిస్టు చర్చిలో పెద్ద. చెరొక కుర్చీ చూపించాడు. మంచినీళ్ళు వచ్చాయి. తెచ్చింది మెర్సీయే. గ్లాసు ఇస్తూ మురళి ముఖం చూడలేదు. ఇచ్చి లోపలికీ వెళ్ళలేదు, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. బల్ల మీద కార్డు ప్రింటు తీసిన కాగితం ఉంది. దాని మీద పేపర్ వెయిటు పెట్టి ఉంది, ఎక్కడికైనా ఎగిరిపోతుందన్నట్టు.

"మావోడు సదువుకున్నోడే బాబూ," అంది చిన్నతల్లి. "తెలివే తక్కువ."

మాస్టారు నవ్వలేదు. "మా చర్చిలో పెళ్ళంటే ముందు మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ పాస్టరుగారు పైకి చదవాలమ్మా. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని. మొన్న ఆదివారం మా సంఘంవాళ్ళు, 'ఏటి మాస్టారూ, మాకు చదవకుండా కంప్యూటర్లో చదివించేశారేటి' అన్నారు. నవ్వుతూనే అన్నారు. నిన్న మళ్ళీ వచ్చారు, పెళ్ళి ఎందుకు తప్పిపోయిందని. ఈసారి నవ్వలేదు."

"తప్పు నాదే మాస్టారూ," అన్నాడు మురళి. కూడబలుక్కున్న మాటలన్నీ టెక్కలిలోనే దిగిపోయినట్టున్నాయి. "అది ఆట గురించి. పోటీకి పిలుపు. బొమ్మ తెరుసుకోలేదు. అందుకే వెంటనే తీసీసాను."

"ఎవర్నడిగి తీసీసావు?"

అందరూ గుమ్మం వైపు తిరిగారు.

"పెట్టేటప్పుడు నన్నడగలేదు," అంది మెర్సీ. "సరే, తెలీక పెట్టావు. తీసేటప్పుడైనా అడగాలి కదా? కార్డు ఉన్నన్నాళ్ళు పెళ్ళికూతుర్ని. తీసీసరికి పెళ్ళి తప్పిపోయిన పిల్లనయ్యాను. ఏది బాగుంది?"

"ఫోను స్విచాఫ్ వస్తన్నాది. ఎలాగడగను?"

"ఫోను నా దగ్గరుంది," అన్నాడు మాస్టారు నెమ్మదిగా.

"రెండేళ్ళు రాసానీ సైటుకి," మెర్సీ ఆగలేదు. "ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పు. మీ షాపులో ఎన్ని డిజైన్లున్నాయి?"

మురళి గ్లాసులోకి చూశాడు. "ముప్పై, నలభై."

"ఓపెనింగ్‌లవి?"

"ఉన్నాయి."

"పుట్టినరోజువి?"

"ఉన్నాయి."

"ఆటల పోటీలవి?"

"అవి కూడా... రెండున్నాయి."

"మరి పెళ్ళిదే ఎందుకు తీసావు?"

చిన్నతల్లి మంచినీళ్ళు తాగడం ఆపేసింది. మాస్టారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. మురళికి చెవులు వేడెక్కాయి. బొమ్మ తెరుచుకోలేదని మళ్ళీ చెప్పొచ్చు. తొందరలో చేతికందింది తీశానని అబద్ధమాడొచ్చు, నమ్ముతారు కూడా. నమ్మితే మెర్సీ లోపలికి వెళ్ళిపోతుంది, మంచినీళ్ళ గ్లాసు తీసుకుని. అక్కడితో సరి.

"మన పేర్లు పక్కపక్కన ఎలాగుంటాయో సూద్దామని," అన్నాడు. "సూసి తీసీద్దామనే కొట్టాను. బాగున్నాయి. తియ్యబుద్ది కాలేదు."

మెర్సీ తల వంచుకుంది. పెదవి బిగబట్టింది గానీ, బుగ్గ ఒప్పుకోలేదు.

"ఓలమ్మో," అంది చిన్నతల్లి. "తెలివున్నాదిరా నీకు!"

ఇమ్మానుయేలు మాస్టారు లేచి కిటికీ దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. "మీకందరికీ ఆటలాగే ఉంది. ఇతను మా సంఘంవాడు కాడు. బాప్తిస్మం లేదు. ఇతని పేరు పాస్టరుగారు ఏ ఆదివారమూ చదవరు. చదవని పేరుతో నేను చర్చిలోకి ఎలా వెళ్ళాలి మెర్సీ? నువ్వే చెప్పు."

మెర్సీ వచ్చి బల్ల మీద పేపర్ వెయిటు పక్కకి జరిపి, కాగితం తీసి నాలుగు మడతలు పెట్టుకుంది.

"రిజిస్ట్రారాఫీసులో చదవక్కర్లేదు నాన్నా. నోటీసు బోర్డుకి అంటిస్తారు. ముప్పై రోజులుంచుతారు."