ఎనిమిదడుగుల కారిడార్

ఆస్పత్రి కట్టేముందు మేం ఆర్కిటెక్టులం దాన్ని నేల మీద గీస్తాం. ఖాళీ హాల్లో, సుద్దముక్కతో, అసలు కొలతలకే. ఇది కారిడార్, ఇది మలుపు, ఇది ఆపరేషన్ గది. ఆ గీతల మధ్య నడిచి చూస్తేగానీ తప్పు కంటికి ఆనదు. ఈ ఆస్పత్రి పాత బ్లాకుకి ప్లాను వేసినప్పుడు నేనా పని చెయ్యలేదు. కాగితం మీద స్ట్రెచర్ మలుపు తిరిగింది కదా, చాలనుకున్నాను. పక్కన సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని పరిగెత్తే మనిషిని లెక్కలో వెయ్యలేదు. ఆ మలుపులోనే మా చిన్నాన్న స్ట్రెచర్ ఇరుక్కుంది. వెనక్కి లాగేలోగా ఆయన పోయాడు. ఆ రోజు సీసా పట్టుకున్నది నేనే.

అందుకే కొత్త బ్లాకుకి ఎనిమిదడుగుల కారిడార్ వేశాను. ఆస్పత్రి డైరెక్టరు ఆరు చాలంటాడు. ప్రతి అంగుళం లెక్కపెడతాడని చాటుగా మేమాయన్ని అంగుళాలాయన అంటాం. రెండడుగులు కోసేస్తే ఇంకో రెండు గదులొస్తాయట. ఆ మధ్యాహ్నం నా చేత సంతకం పెట్టించుకోవడానికి, నేను కొత్త బ్లాకుని సుద్దతో గీసిన హాలుకి తనే వచ్చాడు. కిటికీలకి అద్దాలు రాలేదని చెక్కలు కొట్టేశారు. పట్టపగలే లోపల చీకటి, ఒక్కటే బల్బు, తడి సిమెంటు వాసన. ఆయన నా గీత చెరిపేసి, ఆరడుగుల దగ్గర తనే ఇంకోటి గీశాడు. ఇప్పుడు నడిచి చూడండి మేడమ్, సరిపోతుంది అన్నాడు.

నేను నడవలేదు. ఇంకేదో వచ్చింది.

హాలు చివర చక్రాల చప్పుడు... ఒక చక్రం కీచుమంటోంది. సిమెంటు వాసన పోయి స్పిరిట్ వాసన కమ్మింది. మెల్లగా వచ్చింది... మలుపు దగ్గర ఠక్కున ఆగింది. అక్కడ గోడ లేదు, సుద్దగీతే ఉంది. వెనక్కెళ్ళి మళ్ళీ గుద్దింది. మళ్ళీ...

భయమేసింది, అబద్ధమెందుకు. దాన్ని మించి ఒళ్ళు మండింది. డైరెక్టరు గీతని చెప్పుతో తుడిచేశాను. మోకాళ్ళ మీద కూర్చుని ఎనిమిదడుగుల దగ్గర మళ్ళీ గీశాను.

"చంపినా ఆరుకి సంతకం పెట్టను సార్," అన్నాను. తర్వాత మలుపు వైపు తిరిగి, "వెళ్ళు చిన్నాన్నా," అన్నాను.

చక్రాలు కదిలాయి. మలుపు తిరిగాయి. ఆపరేషన్ గది గీత దాటాక చప్పుడు ఆగిపోయింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడా గదిలోంచి ఒక ఆడగొంతు, రోగుల్ని పిలిచే నర్సులా, అలసటగా...

"బయట ఇంకెవరున్నారు?"

గీతల మధ్య అంగుళాలాయన ఒక్కడే ఉన్నాడు. నేను కాదు, నేను కాదు అని గొణుగుతూనే ఆ గది వైపు అడుగులేస్తున్నాడు. ఒక్కో అడుగే... కళ్ళు మాత్రం నా వైపే ఉన్నాయి.

ఆయన చొక్కా పట్టుకుని గుంజి, ఆ గది వైపు చూసి అన్నాను.

"ఎవరూ లేరు. ఎవర్నీ పంపను."

ఇద్దరం గీతల బయట పడ్డాం. స్పిరిట్ వాసన పోయింది. ఆయన పెన్ను తీసి, ఎనిమిదడుగుల ప్లాను మీద సంతకం పెట్టాడు. ప్లాను నాకందించాడు. అందుకుంటూ చూస్తే, ఆయన మణికట్టుకి బిగుతుగా ఒక పట్టీ ఉంది. ఇందాక గీత గీసినప్పుడు ఆ చేతికి లేదు; ఆస్పత్రిలో చేర్చుకున్నవాళ్ళకి కట్టే ప్లాస్టిక్ పట్టీ. దాని మీద పేరు ఇంకా రాయలేదు.