కిటికీకి కట్టిన పట్టు ముక్క

"ఎవురప్పా ఆ మోటారు ఏసింది?"

ఆ అరుపుకి బక్కెట్లు పట్టుకుని వరసలో నిలబడిన బాయ్స్ హాస్టలంతా ఒక్కసారిగా తల తిప్పింది. మోటారు షెడ్డు ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. కాళ్ళకు చెప్పుల్లేవు. చేతిలో ఫ్లాపీ ఉంది. వాలకం చూస్తే ఆ ఫ్లాపీతోనే ఎవరినో కొట్టేలా ఉంది.

షెడ్డు లోపలున్న వీరేష్ దాక్కోవడానికి చోటు చూశాడు. ఆ షెడ్డులో స్టార్టరుకే చోటు చాలదు.

"నేనే. ఏం?"

"నువ్వు మోటారు ఏసినప్పుడల్లా వోల్టేజి పడిపోయి, ఎదురుగుండే మా ల్యాబులో కంప్యూటర్లన్నీ ఆరిపోయి మళ్ళా మొదట్నుంచి లేస్తాండాయి. పొద్దన్నుంచి చేసిన పని పోయింది నాకు!"

"యూపీఎస్ ఉండాది గదా?"

"ఉండాది. దాని మింద మా అటెండరు దాసప్ప క్యారియరు పెట్టుకుంటాడు. అంతకు మించి అది దేనికీ పనికిరాదు."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. వీరేష్‌కి చిర్రెత్తింది.

"మీ ల్యాబుకి మామూలు కరెంటు చాలు, మోటారు మాత్రం త్రీఫేజు కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే ఏయాల. కరెంటోళ్ళు నన్నడిగి ఇస్తారా? మధ్యమధ్యలో సేవ్ చేసుకోవచ్చు గదా నువ్వు?"

"సేవ్ చేస్తాంటేనే ఏసినావు. ఇప్పుడు ఫ్లాపీ గూడా పాయె!"

అంతవరకూ గట్టిగా ఉన్న గొంతు ఆ చివరి మాట దగ్గర కాస్త వణికింది. వీరేష్ ఆమె చేతిలోని ఫ్లాపీ వైపు చూశాడు.

"మీరు తర్వాత కొట్లాడుకోండప్పా," అన్నాడు అతని రూమ్మేటు ఓబులేసు, ఒళ్ళంతా సబ్బు నురగతో. నీళ్ళు రాకముందే సబ్బు పూసుకోవడం ఆ తాడిపత్రి మహానుభావుడి అలవాటు. "నా కండ్లు మండిపోతాండాయి."

వీరేష్‌ది కుందుర్పి. బోర్లు తవ్వి తవ్వి అలసిన ఊరు. అందుకే మెకానికల్ చివరి సంవత్సరం చదువుతున్నా హాస్టల్లో అతనికి దక్కిన పదవి మాత్రం నీళ్ళ సెక్రటరీ. బోరులో నీళ్ళు తగ్గి మోటారు గాలి పీల్చడం మొదలుపెడితే ఆ మూలుగు అతని చెవికే ముందు తెలిసేది. ఒక్క నిమిషం ఏమరితే మోటారు కాలిపోతుంది. కాబట్టి షెడ్డు తాళంచెవి ఎవరికీ ఇచ్చేవాడు కాదు. వార్డెన్ అడిగినా, "నేనే వస్తా పదండి సార్," అని వెంట నడిచేవాడు.

మర్నాడు అతను మేడ మీదున్న ల్యాబుకి వెళ్ళాడు. గుమ్మం దగ్గర దాసప్ప చెప్పులు విప్పించాడు. చెప్పుల దుమ్ముతోనే కంప్యూటర్లకి వైరస్ పడుతుందని ఆయన గట్టి నమ్మకం.

ఆ అమ్మాయి పేరు జ్యోతిలక్ష్మి. ధర్మవరం అమ్మాయి, కంప్యూటర్స్ చివరి సంవత్సరం. తెర నిండా చిన్న చిన్న గడులు. గడుల్లోంచి ఒక హంస సగం బయటికొచ్చి ఉంది.

"ఇదేంది?"

"చీర అంచు. ఒక్కో గడి ఒక్కో పోగు. మా నాయన ఇన్నాళ్ళూ గళ్ళ కాగితం మింద చేత్తో గీసేటోడు. ఇప్పుడు చూపు ఆనడం లేదు. నా ప్రాజెక్టు ఇదే. వైవాలో ఇది చూపించకపోతే ఈ ఏడు పోతాది. అంతకన్నా, మగ్గం మింద ఇదే అంచు ఎక్కిస్తానని మా నాయన కాచుకోనుండాడు." ఆమె తెర మీద వేలు పెట్టింది. "ఈడ ఒక్క గడి తప్పితే చీర పొడుగూతా తప్పు కనపడతాది."

వీరేష్ తల గోక్కున్నాడు. "సరే. నీ పని సేవ్ కానప్పుడు ఈ కిటికీకి ఏదన్నా కట్టు. అది ఉన్నంతసేపు నేను మోటారు ఏయను. కరెంటు వస్తే షెడ్డు బయటికొచ్చి నిలబడతా. నన్ను చూసి సేవ్ చేసి, దాన్ని తీసెయ్."

ఆమె సంచిలోంచి ఒక పట్టు ముక్క తీసింది. పసుపుపచ్చ మీద ఎర్రంచు. వాళ్ళ నాయన మగ్గం మీద మిగిలిన ముక్క.

ఇక్కడ ఒక వాన పడిందని రాయాలనే ఉంది. ప్రేమకథకి అదొక అందం. కానీ ఆ రెండువేల మూడులో అనంతపురం మీదికి మబ్బులు చుట్టపుచూపుగా కూడా రాలేదు. కాబట్టి వీళ్ళిద్దరి మధ్యా జరిగిందంతా మిట్టమధ్యాహ్నపు ఎండలోనే.

త్రీఫేజు కరెంటు వచ్చేది. వీరేష్ బయటికొచ్చి కిటికీ వైపు చూసేవాడు. ఆమె అతన్ని చూసేది. పట్టు ముక్క దిగేది. మోటారు లేచేది. మొదట్లో అది వెంటనే అయిపోయేది. పోనుపోను ఆమె చూడటానికీ ముక్క తీయడానికీ మధ్య కాస్త ఆలస్యం మొదలైంది. ఆ ఆలస్యం వీరేష్‌కి చాలా బాగుండేది. బక్కెట్ల వరసకి మాత్రం అస్సలు నచ్చేది కాదు.

"ఏమప్పా, ఆడ సేవ్ అయితాండేది ఫైలా, నువ్వా?" అనేవాడు ఓబులేసు.

వైవా రేపనగా ట్యాంకు అడుగంటింది. మెస్సులో బియ్యం కడగడానికి కూడా నీళ్ళు లేవు. మధ్యాహ్నం త్రీఫేజు కరెంటు వచ్చింది. కిటికీకి పట్టు ముక్క ఉంది. అది దిగలేదు.

కిటికీలోంచి ప్రింటరు కీచుకీచుమనే చప్పుడు వినిపిస్తోంది. అంచు మొత్తం ప్రింటవుతోంది. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటికొస్తుంది.

"వీరేశూ, కరెంటు పోతాదిరా! మోటారు ఏయి!" బక్కెట్ల వరసలోంచి కేకలు మొదలయ్యాయి.

"ఆగండి."

"ఆ పిల్ల కోసం మమ్మల్ని ఎండబెడతావా?"

"అవును," అన్నాడు వీరేష్. అనేశాక తనకే ఆశ్చర్యం వేసింది. ఇన్నాళ్ళూ తనకు తాను కూడా చెప్పుకోని మాట హాస్టలంతటికీ చెప్పేశాడు. "స్టార్టరు మింద ఎవుడన్నా చెయ్యేస్తే మర్యాదగుండదు."

పట్టు ముక్క దిగింది. మోటారు లేచింది. కాసేపటికే కరెంటు పోయింది. మెస్సుకి పోగా మనిషికి అరబక్కెట్టు వచ్చింది. వీరేష్ తన వాటా ఓబులేసు నెత్తిన పోశాడు.

వైవాకి జ్యోతిలక్ష్మి నాయన గంగాధరప్ప కూడా వచ్చాడు. పొడుగాటి ప్రింటుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, హంస మెడ మీద వేలితో తడుముతూ గడులు లెక్కపెట్టాడు. "మగ్గానికి ఎక్కుతాది పాపా," అన్నాడు. వరండా స్తంభం వెనక నిలబడి చూస్తున్న వీరేష్‌కి తనే పాసైనంత సంతోషం కలిగింది. అంతలోనే గుర్తొచ్చింది. పని అయిపోయింది. ఇంక ఆ కిటికీకి ఏమీ కట్టరు. ఆమె ధర్మవరం పోతుంది, తను కుందుర్పి పోతాడు. దగ్గరికి వెళ్ళి చెప్పాలనుకున్నాడు. హాస్టలంతటికీ చెప్పిన నోరు ఆమె ముందు మాత్రం పెగల్లేదు.

హాస్టళ్ళు ఖాళీ చేసే రోజున కరెంటు వచ్చింది. వీరేష్ అలవాటుగా బయటికొచ్చి తలెత్తాడు.

కిటికీకి పట్టు ముక్క ఉంది.

ఎంతకీ దిగలేదు. వరసలో గొణుగుడు మొదలైంది. ఓబులేసు అప్పటికే సబ్బు పూసుకున్నాడు. వీరేష్ షెడ్డుకి తాళం వేసి ల్యాబుకి పరుగెత్తాడు. గుమ్మం దగ్గర ఒకే జత చెప్పులున్నాయి. పక్కన తనవీ విప్పాడు.

జ్యోతిలక్ష్మి కుర్చీలో తీరిగ్గా కూర్చుని ఉంది. ఎదురుగా కంప్యూటరు తెర నల్లగా ఉంది.

"ఇదేంది? కంప్యూటరే ఆన్ చేయలేదే?"

"లేదు."

"మరి అది ఎందుకు కట్టినావు?"

"ఇది ఉన్నంతసేపు నువ్వు మోటారు ఏయవు గదా," అంది ఆమె. "ఎందుకు తీయలేదో అడగనీకన్నా వస్తావని. నువ్వు ఊరికే అయితే వచ్చేటట్టు లేవు. ఆ రోజు హాస్టలంతా వినేటట్టు 'అవును' అన్నావు. ఈ కిటికీకి బాగా వినపడింది. నాకు మాత్రం చెప్పవా?"

వీరేష్ ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"నువ్వంటే నాకు శానా ఇష్టం, జ్యోతీ."

ఆమె నవ్వింది. ముఖమంతా ఎర్రబడింది. "నాక్కూడా. మా నాయనకి నువ్వే వచ్చి చెప్పాల. ఆయన గడి తప్పితే ఊరుకోడు, చూసుకో."

"వచ్చే వారమే వస్తా ధర్మవరం."

కింద నుంచి కేక వచ్చింది. "వీరేశూ! కండ్లు పోతాండాయిరా నాయనా!"

వీరేష్ కిటికీ దగ్గరికి వెళ్ళి ముడి విప్పి, పట్టు ముక్కని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అదే జేబులోంచి ఇన్నాళ్ళూ వార్డెనుకి కూడా ఇవ్వని తాళంచెవి తీసి కిందికి విసిరాడు.

"ఓబులేసూ! ఈ పొద్దు నువ్వు ఏయి!"