మొద్దుబార్చిన కత్తి

చితికిన టమాటా ఒకటి టప్పున బల్ల మీద పడింది. రసం చింది కత్తుల కొట్టతని చొక్కాకి అంటుకుంది.

"మీరు సాన పట్టిన మడత కత్తితో మా అమ్మమ్మ కోసిన టమాటా ఇది. కోయడం కాదు, పిసకడం! బయట బోర్డు మీద వెంట్రుకని చీల్చే పదును అని రాశారుగా. ఏ వెంట్రుకండీ? ఏనుగు తోకదా?" అంది టమాటా విసిరిన అమ్మాయి.

అతను చొక్కా తుడుచుకోలేదు. కోపం వస్తే ఆమెకి కుడి కనుబొమ్మ ఒక్కటే పైకి లేస్తుందని అప్పుడే కనిపెట్టాడు. ఇలాంటి సమయంలో అది గమనించినందుకు తన మీద తనకే విసుగేసింది.

ఆమె ల్యాబ్‌లో పనిచేస్తుంది. పొద్దు పొడవకముందే స్కూటర్ మీద ఇల్లిల్లూ తిరిగి పరీక్షలకి రక్తం తీసుకుంటుంది. మొదటిసారి కొట్టుకి వచ్చినప్పుడు ఆత్మరక్షణకి మడత కత్తి కావాలంది. ఇంట్లో అప్పటికే అరడజను ఉన్నాయంది.

"మరి ఇంకోటెందుకండీ? యుద్ధానికా?" అన్నాడతను.

ఆమె అతని వెనకున్న అద్దాల బీరువా వైపు చూసింది. పాతకాలపు కత్తులు, దంతపు పిడులవీ కొమ్ము పిడులవీ, అందులో వరసగా పడుకుని ఉన్నాయి.

"అవి?"

"అమ్మేవి కాదు. నేను సేకరించినవి."

"ఓహో! మీ బీరువాలో ఉంటే కళ. నా బ్యాగులో ఉంటే పిరికితనం."

ఆ మాటకి జవాబు వెతుక్కుంటూ అప్పట్నుంచీ అతను ఆమె గురించే ఆలోచిస్తున్నాడు. ఆమె కూడా ఒకసారి కత్తెర తెచ్చింది, ఒకసారి గొడుగు తెచ్చింది. గొడుగుకి సాన పట్టరని ఆమెకి తెలియకపోదు.

పోయిన వారం తన బ్యాగులోని మడత కత్తి సాన పట్టమని ఇచ్చింది. సాన పట్టి, అలవాటుగా బొటనవేలితో చూసుకున్నాడు. సన్నగా రక్తం పూసింది. ఆ చుక్క చూడగానే ఎక్కడో చీకటి మెట్లు కళ్ళకి కట్టాయి. ఆమె మణికట్టుని మెలితిప్పే ఇంకెవరిదో చెయ్యి. ఇదే కత్తి, ఆమె వైపు తిరిగి. అతను కత్తిని మళ్ళీ సాన రాయి మీద పెట్టి, మెరుపు చెడకుండా అంచు పదును చంపేశాడు. ఆమెకి మేలు చేస్తున్నాననుకున్నాడు. మనసు తను చేసే పనికి మంచి పేరు తనే పెట్టుకుంటుంది.

ఇప్పుడు "రాయి అరిగిపోయిందండీ" అంటే చాలు, ఆమె నమ్మేస్తుంది. నిజం చెబితే మళ్ళీ ఈ గడప తొక్కకపోవచ్చు.

"కావాలనే మొద్దు చేశాను," అన్నాడు.

బయట వాన జోరందుకుంది.

"ఏమన్నారు?"

"ఎవడైనా లాక్కుంటే అది మీ మీదికే తిరుగుతుంది. అందుకని."

"ఆ మాట నాతో అనాల్సింది! నేను దాన్ని తీసి ఎవర్నీ పొడవనండీ. ముక్కూ మొహం తెలీని ఇంటి బెల్లు కొట్టేముందు బ్యాగు ఒకసారి తడుముకుంటాను. అప్పుడు గొంతు వణకదు. అంటే వారం నుంచీ ఉత్త ఇనపముక్కని తడుముకుంటున్నానన్నమాట!"

"వణికిందా మరి?"

"లేదు," అంది ఆమె. వెంటనే కనుబొమ్మ లేచింది. "అయినా నాకు తెలీకుండా నాకు పరీక్ష పెట్టే హక్కు మీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. తప్పే. భయమేసింది. తెల్లారకముందే మెలకువొచ్చేస్తోంది, ఈపాటికి మీరు ఎవరి మెట్లు ఎక్కుతున్నారో అని."

"అంటే?"

"అంటే... అదే."

"ఆ అదే ఏదో నోరు తెరిచి చెప్పండి. కత్తులతో పాటు మాటల్నీ మొద్దు చేశారా?"

"మీరంటే ఇష్టం. పెళ్ళి చేసుకోవాలనుంది. మీ అమ్మమ్మగారిని అడగాలనుంది."

"అడుగు నాయనా, ఇక్కడే ఉన్నాను," అంటూ చూరు కింద నుంచి గొడుగు దులుపుకుంటూ ఒక పెద్దావిడ లోపలికొచ్చింది. "దీని అరుపులకి వీధంతా పోగవుతుందేమోనని వెంట వచ్చాను. చెప్పు, ఇంకోసారి దానికి చెప్పకుండా దాని వస్తువు ముట్టుకుంటావా?"

"ముట్టుకోనండి."

"ఉద్యోగం మానెయ్యమంటావా?"

"అననండి."

"భయపడకుండా ఉంటావా?"

అతను ఆలోచించాడు. "ఉండలేనండి."

అమ్మమ్మ నవ్వింది. "ఏమే, ఇతను అబద్ధాలాడటం రాని సరుకే. నాకు నచ్చాడు. ఇక నీ ఇష్టం."

ఆమె మడత కత్తి తెరిచి, పిడి అతని వైపు పెట్టి అందించింది. అతను సాన పట్టినంతసేపూ పక్కనే నిలబడి అంచునే చూసింది. మధ్యలో ఒకసారి మాత్రం అతన్ని చూసింది.

మర్నాడు తెల్లవారుతుండగా కొట్టు ముందు స్కూటర్ ఆగింది. మేడ మీది గదిలోంచి అతను పరుగున దిగి వచ్చాడు. ఆమె భుజానికి బ్యాగు ఉంది. అందులో ఏముందో ఇద్దరికీ తెలుసు.

"పనయ్యాక ఫోన్ చేస్తారా?"

"చెయ్యను."

అతని మొహం వాడిపోయింది.

"ఫోనెందుకు? నేనే వస్తాను. టీ పెట్టి ఉంచు," అంది ఆమె, స్కూటర్ కదిలిస్తూ.