రాకకు రెండు గంటలు ఎక్కువ

"పోయేటప్పుడు తొమ్మిది గంటలు. వచ్చేటప్పుడు పదకొండు. ఆ రెండు గంటలు ఎక్కడ తిరిగావ్?"

ఆమె చేతిలో స్పానరుంది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆమెది సైకిల్ షాపు. అతను మందుల పెట్టెతో విమానమెక్కి, దూరపు ఊళ్ళో అప్పగించి వస్తాడు. ఆమె అతన్ని పెట్టెబాబు అంటుంది. పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాడు చివరికి పెళ్ళి చేసుకుందామన్నాడు. సాయంత్రం చెప్తానంది. ఈలోగా ఫోన్లో పాత మెసేజులు తిరగేసింది. 'ఎక్కాను.' 'దిగాను.' ప్రతిసారీ అదే తేడా.

"గాల్లో మధ్యలో ఎక్కడ దిగుతాను, మెకానిక్కూ?"

"అదే అడుగుతున్నా. మధ్యలో ఎవరున్నారు?"

"సముద్రం ఉంది."

"వెటకారాలొద్దు."

స్టూలు మీద ఆమె నాన్న వింటున్నాడు. ఏళ్ళ తరబడి బస్సు నడిపిన మనిషి.

"అదే దారి, అదే బండి. టైము తేడా వచ్చిందంటే డ్రైవరు ఎక్కడో ఆపాడనే. ఆలోచించుకో అమ్మడూ."

"గాలండీ, మావయ్యగారూ..."

"ఎవరయ్యా నీకు మావయ్య?"

"గాలండీ, పెద్దాయనా. అంత ఎత్తులో గాలి ఒకవైపే గట్టిగా వీస్తుంది. పోయేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. దూరం అంతే ఉంటుంది, టైము పెరుగుతుంది."

"అంత లావు విమానం గాలికి జంకుతుందా? కబుర్లు!"

బయట మబ్బు పట్టింది. గాలి లేచింది. అతను ఒక సైకిలు బయటికి లాగాడు.

"వంతెన దాకా రా. చూపిస్తా."

"నువ్వు తొక్కితే కావాలని మెల్లగా తొక్కుతావ్. నేనే తొక్కుతా."

"మరి నేను?"

"వెనక కూర్చో. మందుల పెట్టెలాగా, కదలకుండా."

వంతెన అవతలికి ఇట్టే చేరారు. తొక్కినట్టే లేదు. తిరిగొచ్చేటప్పుడు ఆమె జుట్టంతా అతని మొహం మీదకే. సగం దారిలో చినుకులు. దిగి తోస్తానన్నాడు. దిగితే ఊరుకోనంది. ఇవతలికి చేరేసరికి రొప్పుతోంది.

"మధ్యలో ఎక్కడాగావ్?" అన్నాడు.

ఆమెకి నవ్వొచ్చింది. కనపడుతుందని వెనక్కి తిరగలేదు.

షాపులో పెద్దాయన కాచుకుని ఉన్నాడు.

"సరే, గాలే అనుకుందాం. ఎయిర్‌పోర్టు నుంచి ఇక్కడికి గంట. అది నా బస్సు రూటే. నువ్వు మాత్రం దిగాక రెండు గంటలకి వస్తావ్. మరి అక్కడ ఏ గాలి?"

ఆమె మొహంలో నవ్వు పోయింది. స్పానరు మళ్ళీ చేతిలోకొచ్చింది.

"చెప్పు."

అతను తల దించుకున్నాడు. "ఎదురుగా బస్టాపులో కూర్చుంటా. లోపలికొస్తే మీ నాన్నగారుంటారు. ఆయన ముందు నీవైపు చూడలేను. అక్కణ్ణుంచి అయితే బాగా కనపడతావ్."

పెద్దాయన కళ్ళు చికిలించాడు.

"నీలం టోపీ?"

"ఎండకి పెట్టుకుంటానండీ."

"ఓరి నీ! సైకిళ్ళ దొంగవనుకుని ఇంత లావు తాళం కొన్నాను కదరా!"

ఆమె స్పానరు కింద పెట్టేసింది.

పెద్దాయన జేబులోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పడేశాడు. "ఇకనుంచి షాపు నువ్వే మూసుకో. నాకు నడుం వంగట్లేదు."

"అంటే... మావయ్యగారూ..."

ఈసారి ఆయన తన స్టూలు అతని వైపు జరిపాడు.

ఆమె మాత్రం వేలు చూపించింది. "ఇక దిగాక నేరుగా ఇక్కడికే రా. ఆ చూసేదేదో లోపల కూర్చునే చూడు."