నున్నవాళ్ళు, గట్లవాళ్ళు

కాకినాడలో పెళ్ళిచూపులకు వెళ్ళినవాళ్ళు జాతకాలు అడగడం మానేసి చాలా ఏళ్ళయింది. "మీవాడికి గట్లున్నాయా?" అనేదే ఇప్పుడు మొదటి ప్రశ్న. బ్యాంకులో అదే, కోర్టులో అదే, ఆఖరికి అద్దె ఇంటి గుమ్మం దగ్గరా అదే. గట్లు లేనివాళ్ళ సంతకం ఒంటరిగా చెల్లదు. పక్కన గట్లున్న మనిషొకరు సాక్షిగా నిలబడాలి.

ఈ గొడవంతటికీ మూలం డాక్టర్ హిరణ్మయి కనిపెట్టిన స్మృతిరేఖిని అనే యంత్రం. చెవులకు కాస్త లోపలగా, మెదడులో రెండు పక్కలా హిప్పోకాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది. కొత్త జ్ఞాపకాలు కుదురుకునేది అక్కడే. దాని అడుగు కొందరిలో గట్లు గట్లుగా ఉంటుంది, కొందరిలో నున్నగా ఉంటుంది. మనుషుల ముక్కుల్లో తేడా ఉన్నట్టే ఇదీ పుట్టుకతో వచ్చిన తేడా. నున్నవాళ్ళ మెదడు త్వరగా ముసలిదవుతుందని హిరణ్మయి తేల్చింది. ఆమె యంత్రంలో కాసేపు పడుకుంటే ఎవరు ఏ రకమో తెలిసిపోతుంది. ఆకారం మారేది కాదు గనక జన్మకొక్కసారే పరీక్ష.

తన సిద్ధాంతానికి ఆమె చూపించే మొదటి రుజువు సొంత అక్క శర్వాణి. ఒకప్పుడు రేవులో ఓడలకు రేడియోలో దారి చెప్పిన మనిషి. ఇరవై ఏళ్ళ కిందట, తొలి పరీక్షల్లోనే నున్నమనిషని తేలింది. ఉద్యోగం పోయింది. ఇంట్లో తాళాలు, మందులు, వంట ఒక్కొక్కటిగా ఇతరుల చేతుల్లోకి వెళ్ళాయి. ఇప్పుడామె పొద్దున మాత్ర వేసుకుందో లేదో కూడా గట్టిగా చెప్పలేకపోతోంది. పాపం, ఎంత మనిషి ఎలా అయిపోయింది!

ఇక లాభం లేదని హిరణ్మయి అక్కను సంరక్షణాలయంలో చేర్చాలనుకుంది. అందులో చేర్చాలంటే మాత్రం చట్టప్రకారం కొత్త పరీక్ష కావాలి. స్వయంగా తన సంస్థ ల్యాబుకు తీసుకొచ్చింది.

"నన్నక్కడ పడేస్తే నేను బతకనే," అంది శర్వాణి. "నా ఇంట్లో నన్నుండనీ."

"ఉండనిద్దామనే ఇన్నాళ్ళూ చూశాను గదక్కా. మొన్న స్టవ్ ఆపావో లేదో చెప్పగలిగావా?"

"ఆపాననే చెప్పాను. నువ్వే మళ్ళీ వెళ్ళి చూసొచ్చావు."

హిరణ్మయి విననట్టే అక్కను బల్లమీద పడుకోబెట్టింది. కాసేపటికి యంత్రం నెమ్మదైన గొంతుతో చెప్పింది.

"డాక్టర్ గారూ, రెండు పక్కలా గట్లు స్పష్టంగా ఉన్నాయి. ఇరవై ఏళ్ళ కిందట మీ పేరున దాచిన చిత్రమూ, ఇదీ ఒక్కటే."

"మళ్ళీ చూడు."

"చూశాను. శర్వాణి గారి పేరున ఉన్నది వేరొకరి మెదడు."

హిరణ్మయి అక్కను లేపి తనే వెళ్ళి పడుకుంది. ఫలితం రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆమెది నున్నటి మెదడు.

"ఇదెలా జరిగింది?" అంది గాలితో మాట్లాడినట్టు.

జవాబు శర్వాణి చెప్పింది. "ఆ రోజు మొదటి వంతు నీది. యంత్రంలో నీ పేరే ముందు ఎక్కించారు. తీరా పడుకోబోతూ, పెద్దదానివి నువ్వుండగా నేను ముందేమిటక్కా అని నన్ను పంపావు. పేర్లు మార్చాలని ఎవరికీ తోచలేదు."

"మరి అప్పుడే చెప్పొచ్చు గదా."

"చెప్పాను. నున్నవాళ్ళకి ఇలాంటి లేనిపోనివి తోస్తుంటాయక్కా అన్నావు. తర్వాత తర్వాత నాకే అనుమానమొచ్చింది. నేనేం చెప్పినా పక్కవాళ్ళనడిగి ఖాయం చేసుకునేవారు. ఎవరికీ అక్కర్లేనప్పుడు గుర్తుపెట్టుకుని నేనేం చేయను?"

హిరణ్మయి సిగ్గుతో కుంచించుకుపోయింది. అక్క మెదడును గట్లు కాపాడలేకపోయాయి. తన నున్నటి మెదడు మాత్రం, దాన్ని అందరూ నమ్మడం వల్ల, ఇంత సంస్థను నడిపింది. సిద్ధాంతమే తప్పు. ఎన్ని లక్షల మందిని ఇలా మూలన కూర్చోబెట్టిందో!

"రికార్డులు సరిదిద్దమంటారా?" అని యంత్రం అడిగింది.

సరిదిద్దితే అక్క తన ఇంటికి వెళుతుంది. హిరణ్మయికి పదవి ఉండదు, సంతకమూ చెల్లదు. అయినా, "సరిదిద్దు," అంది.

ఆ తర్వాతే అసలు భయం పట్టుకుంది. ఎంత గింజుకున్నా అక్క ఆ మాట చెప్పిన సంగతి గుర్తుకు రావడంలేదు. ఇంకా ఏమేం మరిచిపోయిందో.

"అక్కా, నిజంగా చెప్పావా? నాకెందుకు గుర్తులేదు?"

శర్వాణి చెల్లెలి తల నిమిరింది. "ఎలా ఉంటుందిలేమ్మా, నీ తప్పేముంది? ఆ ఇంటి తాళాలు ఇటివ్వు. ఎక్కడో పెట్టి మరిచిపోతావు."

ఆ గొంతులో కోపం లేదు, ఎగతాళీ లేదు. ఉన్నదంతా జాలే. హిరణ్మయి తాళాలు అక్క చేతిలో పెట్టి, కారు ఎక్కడ నిలిపానా అని ఆలోచించసాగింది.