లెక్కలోకి వచ్చిన మొదటి దెబ్బ

"రేపు ఉదయం పదకొండింటికి కోత మొదలు," అంటూ చీఫ్ ఫైల్ ముందుకు తోశాడు. "సబ్‌మెరైన్ ప్రొపెల్లర్. పోత పోయడానికే ఎనిమిది నెలలు పట్టింది. రెండోది లేదు."

ఏజెంట్ సుత్తి ఫైల్ తెరిచాడు. ఆ పేరు చేతిలోని పనిముట్టు వల్ల వచ్చిందే గానీ మాటల వల్ల కాదు.

"మెషీన్ ఏ స్పీడులో అదరకుండా కోస్తుందో ముందే కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేసి చూస్తారు. కిందటివారం ఆ మోడల్‌ని మెరుగుపరిచే వంకతో ఎవరో తప్పుడు కొలతలు దూర్చారు. అది చూపించే స్పీడులో కోస్తే కట్టర్ అదురుతుంది. రెక్కల మీద కంటికి కనపడని గీతలు పడతాయి. ఆ గీతల వల్ల నీళ్ళలో పుట్టే చప్పుడు శత్రువు చెవిన పడితే లోపలున్న తొంభైమందీ పోతారు."

"చేసిందెవరు సార్?"

"లోపలివాడే. పేరు తెలీదు. మీ బావ అక్కడే మోడలింగ్ హెడ్ కదా, అవసరమైతే సాయం అడుగు."

సుత్తి గుండె తేలికపడింది. అమ్మానాన్నా పోయాక అతన్ని పెంచింది అక్కా బావా. కట్టర్‌ని సెన్సార్ ఉన్న సుత్తితో కొట్టి, అది ఎలా అదురుతుందో కొలిచి మోడల్‌కి ఇవ్వడం నేర్పింది కూడా బావే. "మొదటి దెబ్బకి చెయ్యి కుదరదురా. దాన్ని చెరిపేసి రెండో దెబ్బ నుంచి లెక్కపెట్టు," అనేవాడు. ఫ్యాక్టరీలో మిగతావాళ్ళంతా ఈ చాదస్తానికి నవ్వుకుని, ఐదు దెబ్బలు కొట్టి ఐదూ ఉంచేసేవారు.

మర్నాడు తొమ్మిదింటికి సుత్తి సెన్సార్ కంపెనీ యూనిఫామ్‌లో క్యాంటీన్‌లో కూర్చున్నాడు. ముందు సెంటు వాసన వచ్చింది, వెనకే నల్లకళ్ళద్దాల సుందరి. పైకి ఆమె విదేశీ సాఫ్ట్‌వేర్ ప్రతినిధి, లోపల శత్రువుల గూఢచారి.

"సుత్తికి రబ్బరు మొన దొరుకుతుందా?"

"స్టీలు మొనే ఉంది."

కోడ్ కలిసింది. ఆమె లిప్‌స్టిక్ బల్ల మీద పెట్టింది. అందులో పెన్‌డ్రైవ్ ఉంది.

"అసలు కొలతలు, నకిలీ కొలతలు, రెండూ ఉన్నాయి. మనిషెవరో మావాళ్ళు నాకు చెప్పలేదు."

"నిన్ను నమ్మొచ్చా?"

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టినదాన్ని. ఈ పూటకి మాత్రం మీ పడవలోనే ఉన్నాను."

స్టోర్‌రూమ్‌లో లాప్‌టాప్ తెరిచి, అసలు కొలతలు మోడల్‌కి ఇచ్చాడు. క్షేమమైన స్పీడు నిమిషానికి ఏడువేల నాలుగువందల చుట్లు అని వచ్చింది. నకిలీవాటితో తొమ్మిదివేల రెండువందలు.

అప్పుడు దెబ్బల నంబర్లు చూశాడు. అసలు ఫైల్‌లో ఒకటి నుంచి ఐదు. నకిలీ ఫైల్‌లో రెండు నుంచి ఆరు. ఒకటో దెబ్బని ఎవరో చెరిపేశారు.

సుత్తి ఆ నంబర్లని మళ్ళీ ఒకసారి లెక్కపెట్టాడు. తప్పుడు పని చేసేటప్పుడు కూడా బావ ఎంత శ్రద్ధగా చేశాడు!

పది యాభైతొమ్మిది. కోత చూడడానికి వచ్చిన అతిథులు అద్దాల వెనక నిలబడ్డారు. కంట్రోల్ ప్యానెల్ దగ్గర బావ ఒక్కడే ఉన్నాడు. గడియారం ముప్ఫై సెకన్ల నుంచి వెనక్కి లెక్కపెడుతోంది.

"స్పీడు తగ్గించు బావా. ఒకటో దెబ్బ లేని ఫైల్ చూశాను."

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. "నువ్వు సెన్సార్లు అమ్ముతావనుకున్నాను."

"నువ్వు మోడల్స్ కడతావనుకున్నాను."

"కట్టానురా, ఇరవై రెండేళ్ళు! గోడ మీద ఫోటో మాత్రం మేనేజర్‌ది. నా పని విలువ తెలిసింది ఆ దేశంవాళ్ళకొక్కళ్ళకే."

"అక్కకి తెలుసా?"

బావ స్పీడు నాబ్ మీద అరచెయ్యి కప్పాడు. "నీకు అన్నం పెట్టిన చెయ్యిరా ఇది. కొట్టగలవా?"

ఆరు... ఐదు... సుత్తి కళ్ళు చెమర్చాయి. ఐనా చేతిలోని సుత్తితో కొట్టాడు. ఒకటే దెబ్బ. బావ చెయ్యి జారింది. సుత్తి తిప్పిన నాబ్ ఏడువేల నాలుగువందల దగ్గర ఆగిన క్షణంలోనే కట్టర్ లోహాన్ని తాకింది. చిన్న అదురు కూడా లేకుండా మెత్తగా కోసుకుపోయింది. అద్దాల వెనక చప్పట్లు మోగాయి. గార్డులు బావని పక్క తలుపు గుండా తీసుకెళ్ళారు. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం చీఫ్ రిపోర్ట్ చదివి, కళ్ళజోడు తీశాడు.

"శెభాష్. ఇంక ఒక్క పనే మిగిలింది. మీ అక్కకి చెప్పాలి."

"దానికి వేరే ఏజెంట్‌ని చూడండి సార్."

చీఫ్ డ్యూటీ లిస్టు మొత్తం తిరగేశాడు. అంత ధైర్యవంతుడు డిపార్ట్‌మెంట్‌లో ఒక్కడూ దొరకలేదు.