పరదాల కారు

"మనవాడి శవం పొద్దున కాలువలో తేలింది," అన్నాడు చీఫ్. "ఆ ఇంటి లోపలి వాకిలి దాటబోతూ దొరికిపోయాడు. మగవాళ్లకి అక్కడ ప్రవేశం లేదు. అందుకే నిన్ను పిలిచాను."

పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చున్న ఆ ఏజెంటుకి బ్యూరోలో సూది అని పేరు. ఎంత సన్నటి సందులోనైనా దూరిపోతుందని పెట్టిన పేరు. బయటి గదిలో ఎవరికో నిజంగానే పన్ను పీకుతున్నారు. క్లినిక్ అసలుదే. వెనక గది మాత్రం బ్యూరోది.

"టార్గెట్?"

"లెక్కల ప్రొఫెసర్. మన నేవీకి కొత్త సైఫర్ తయారు చేసింది. కాగితం మీద ఒక్క ముక్క లేదు, ఆ రహస్య లిపి అంతా ఆవిడ బుర్రలోనే ఉంది. విదేశీ ముఠా ఆవిణ్ణి ఎత్తుకెళ్లి ఓడల యజమాని ఇంట్లో, జబ్బుపడ్డ బంధువని చెప్పి ఆడవాళ్ల వైపు దాచింది. పాపం ఆ పెద్దమనిషికి ఈ సంగతి తెలీదు. ఘోషా ఇల్లు. పోలీసులు గడప తొక్కితే పెద్ద గొడవ, ఆ గొడవలో ముందు తెగేది ప్రొఫెసర్ గొంతే. రేపు సాయంత్రం ఓడ బయల్దేరుతుంది. ఆవిడ ఎక్కిందా, మన యుద్ధనౌకలన్నీ వాళ్ల గుప్పిట్లో ఉన్నట్టే."

"లోపల మనవాళ్లెవరైనా?"

"యజమాని రెండో భార్య. విదేశాల్లో పెరిగిన మనిషి, మహా అందగత్తె. ఈ కబురు పంపింది ఆవిడే. 'మీ చేతులు చల్లగా ఉన్నాయి' అను. 'నెత్తురు పల్చన' అంటుంది."

"చనిపోయినవాడు కూడా ఆవిడ కబురు నమ్మే వెళ్లాడా సర్?"

చీఫ్ నర్సు యూనిఫాం ఉన్న సంచీని ఆమె వైపు తోశాడు.

మర్నాడు మధ్యాహ్నం నర్సు వేషంలో సూది ఆ ఇంట్లో అడుగుపెట్టింది. స్టెతస్కోపులో మైకు, హెయిర్‌పిన్నులో రేడియో, చెప్పు మడమలో రంపపు తీగ. వాకిలి దాటగానే నడవా మలుపు తిరిగింది. బయట నిలబడ్డవాడి చూపు లోపలికి పడకుండా కట్టిన మలుపు అది. వంటవాళ్లు గోడలోని తిరిగే అలమారలో గిన్నెలు పెడితే, ఇవతలి ఆడవాళ్లు దాన్ని తిప్పి తీసుకుంటున్నారు. ఎవరి చెయ్యీ ఎవరికీ కనిపించదు. కిటికీలకి రాతి జాలీలు. జాలీ పక్కన కూర్చున్న ఇంటి కోడలు మెల్లగా అడిగింది.

"బయట వాన పడిందా సిస్టర్? వాసన వచ్చింది గానీ, మాకు కనిపించదు."

సూది జవాబు చెప్పేలోగా రెండో భార్య వచ్చింది. పట్టు గౌను, సెంటు, మత్తుగా నవ్వే కళ్లు.

"మీ చేతులు చల్లగా ఉన్నాయి," అంది సూది.

"నెత్తురు పల్చన. రండి, పేషెంటు లోపలుంది."

లోపల పేషెంటు లేదు. పాత పరుపులు దాచే చీకటి కొట్టు అది. వెనక్కి తిరిగేలోపు పిస్టల్ వీపుకి ఆనింది. సంచీ పోయింది, హెయిర్‌పిన్నూ పోయింది. ఇనప గడియ పడింది, తాళం పడింది.

"నీకంటే ముందొచ్చినవాడు కాస్త తెలివైనవాడు, వాకిట్లోనే అనుమానపడ్డాడు," అంది అవతలి గొంతు. "ఓడ సాయంత్రం అన్నానా? అబద్ధం. ఇప్పుడే."

సూది మడమలోంచి తీగ లాగింది. తలుపు సందులోంచి గడియని కొయ్యబోతే నాలుగు లాగుళ్లకే పుటుక్కున తెగింది. భుజంతో గుద్దింది. గుద్దిన భుజం వాచింది తప్ప తలుపు కదల్లేదు. ఈ ఇంట్లో తలుపులు ఆడవాళ్లు బయటికి రాకుండా చేయించినవి. వడ్రంగి తన పని బాగానే చేశాడు. దూరంగా కారు స్టార్టయింది. జీవితంలో మొదటిసారి సూదికి దూరే సందు దొరకలేదు. తలుపుకి నుదురు ఆనించి, అరచేతులతో పిచ్చిదానిలా బాదింది.

"సిస్టర్?" అంది ఒక గొంతు. కోడలు!

"తలుపు తియ్యమ్మా!"

"తాళంచెవి చిన్నత్తయ్య పట్టుకెళ్లింది."

"ఆ జబ్బు మనిషి..."

"మా బంధువు కాదు, నాకు తెలుసు. మత్తులో లెక్కలు చెప్పుకుంటోంది. మా బంధువుల్లో లెక్కలొచ్చినవాళ్లు లేరు. ముసుగు కప్పి పరదాల కారులో తీసుకెళ్లారు, ఆస్పత్రికట."

ఆ కారుని ఓడరేవు గేటు దగ్గర ఎవరూ ఆపరు. ఘోషా స్త్రీ ఉన్న కారు పరదా ఎత్తే ధైర్యం ఏ గార్డుకి ఉంటుంది?

"ఫోనెక్కడుంది?"

"మగవాళ్ల హాల్లో." ఆమె గొంతు సన్నబడింది. "మామగారికి నా మొహమే కాదు, నా గొంతు కూడా తెలీదు. అక్కడికెళ్తే మళ్లీ నన్ను ఈ గడప లోపలికి రానివ్వరు."

"తెలుసు తల్లీ. నిన్ను వెళ్లమనే హక్కు నాకు లేదు. కానీ ఇంకెవరూ లేరు."

సూది తలుపుకి చెవి ఆనించింది. ఒక్కో క్షణం ఒక్కో యుగంలా ఉంది.

"మా అమ్మ పోయినప్పుడు కారు పరదాలు ఉతకడానికి వేశారు," అంది కోడలు. "పరదాల్లేకుండా ఎలా పంపుతాం అన్నారు. అవి ఆరేసరికి అక్కడ అంతా అయిపోయింది." తలుపుకి మరింత దగ్గరగా వచ్చింది. "నంబరు చెప్పండి. ఫోన్లో ఏమనాలో కూడా."

కోడలు మగవాళ్ల వైపు తలుపు తీసుకుని హాల్లోకి వచ్చింది. ముసుగు లేదు, కాళ్లకి చెప్పుల్లేవు. పదిమంది మగవాళ్లు టీ కప్పులు పట్టుకుని మాట్లాడుకుంటున్నారు. మాటలు ఆగిపోయాయి. పరాయి ఆడదాన్ని చూడకూడదని చిన్నప్పట్నుంచీ నేర్చుకున్నవాళ్లు అందరూ చటుక్కున తల దించుకున్నారు.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు మామగారు, తివాచీ వైపు చూస్తూ.

"ఫోన్ చేసుకుని వెళ్లిపోతానండీ."

ఆమెని గుర్తుపట్టగలవాడు అక్కడ ఒక్కడే. భర్త. 'నా భార్య' అంటే ఇంతమందిలో పరువు పోతుంది. అందుకే నోరు మూసుకున్నాడు.

"పళ్ల క్లినిక్," అంది ఫోను.

"జ్ఞానదంతం పీకాలి. మత్తు... మత్తు వద్దు."

"వినిపించట్లేదు, గట్టిగా చెప్పండి!"

ఆమె ఏనాడూ గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. రెండు చేతులతో రిసీవర్ పట్టుకుంది, కళ్లు మూసుకుంది. అరిచింది.

"పరదాల కారు! ఓడరేవుకి! లోపలున్నది ఆవిడే, ఆపండి!"

ఆ కేకకి మామగారి చేతిలో కప్పు జారి పగిలింది.

రేవు గేటు అప్పటికే పైకి లేస్తోంది. గార్డు గౌరవంగా మొహం పక్కకి తిప్పుకుని సెల్యూట్ కొడుతున్నాడు. గేటు పక్క బూత్‌లో ఫోన్ మోగింది. ఆఫీసర్ రెండే మాటలు విన్నాడు, పరిగెత్తి కారుకి అడ్డంపడి పరదా పీకేశాడు. రెండో భార్య పేల్చిన గుండు అతని టోపీని ఎగరగొట్టింది. రెండో గుండు పేలకముందే గార్డులు ఆమె చెయ్యి విరిచి పట్టుకున్నారు. వెనక సీట్లో ప్రొఫెసర్ మత్తులో అంకెలు గొణుగుతోంది. ప్రాణంతో ఉంది.

బ్యూరో మనుషులు తలుపు పగలగొట్టగానే సూది బయటికి పరిగెత్తింది. బయట మెట్ల మీద కోడలు కూర్చుని ఉంది. వెనక వాకిలి మూసేశారు. లోపల్నుంచి ఎవరూ పిలవలేదు. భుజం నొప్పి మరిచిపోయి సూది ఆమె పక్కనే కూర్చుంది, చెయ్యి పట్టుకుంది. 

చీఫ్ కారు దిగి వచ్చాడు.

"హాల్లో అందర్నీ అడిగాం. మీరెలా ఉంటారో ఒక్కరూ చెప్పలేకపోయారు. మీ ఆయన అసలు ఎవరో తెలీదన్నాడు. మా వాళ్లకి ఏళ్ల తరబడి ట్రైనింగ్ ఇచ్చినా ఈ విద్య అబ్బదమ్మా. మా దగ్గర ఉద్యోగం చేస్తారా?"

ఆమె కళ్లు తుడుచుకుంది. ఎదురుగా రెండువైపులా హోరుమంటూ పోతున్న బస్సుల్ని, లారీల్ని చాలాసేపు చూసింది.

"చేస్తానండీ," అంది. "ముందు ఈ రోడ్డు దాటడం నేర్పించండి."